టేక్‌డౌన్ రికర్వ్ విల్లు

టేక్‌డౌన్ రికర్వ్ విల్లు అనగా పిడి, పై భుజం, కింది భుజం అనే మూడు భాగాలుగా విడదీసి, తిరిగి బిగించుకొనడానికి వీలైన విల్లు. భుజాల కొనలు విలుకాడికి ఎదురు దిశలో వంగి ఉండుట వలన దీనికి రికర్వ్ అనే పేరు వచ్చింది. ఒలింపిక్ విలువిద్య పోటీలలో నేడు ఉపయోగించే రికర్వ్ విల్లులన్నీ ఈ కోవకు చెందినవే. 1960, 1970, 1980 దశకాలలో తయారైన ఇటువంటి విల్లులను సేకరించి, బాగుచేసి, వాటితో బాణాలు వేయడం అనేక దేశాలలో ఒక అభిరుచిగా స్థిరపడింది.

నిర్మాణం

విల్లు మధ్యభాగాన్ని సంస్కృతంలో లస్తకం అంటారు. ఆధునిక విలుకాండ్రు దీనినే రైజర్ అని పిలుస్తారు. పాత విల్లులలో ఇది గట్టి కలపతో గాని, మెగ్నీషియం లేదా అల్యూమినియం పోతతో గాని చేయబడి ఉంటుంది. భుజాలను లింబులు అంటారు. మేపుల్ వంటి కలప పలకకు ఇరువైపులా ఫైబర్‌గ్లాస్ పొరలను ఎపాక్సీ జిగురుతో అతికించి వీటిని తయారుచేస్తారు. విల్లు వంగినపుడు ఎదుటి పొర సాగుతుంది, విలుకాడి వైపు పొర నొక్కుకుపోతుంది. మధ్యలోని కలప ఈ రెండింటిని తగినంత దూరంలో నిలిపి ఉంచుతుంది.

ఎక్కుపెట్టిన విల్లులో నారి భుజాల కొనలకు ఆనుకొని ఉంటుంది. నారిని లాగిన కొద్దీ కొనల వంపు విచ్చుకుంటుంది. అందువలన అదే పొడవు గల తిన్నని విల్లు కంటే దీనిలో ఎక్కువ శక్తి నిలువ ఉంటుంది, లాగుడు చివర కూడా మృదువుగా ఉంటుంది.

విడదీయగలగడం వలన ప్రయోజనాలు మూడు. మొదటిది, విల్లు చిన్న పెట్టెలో ఇముడుతుంది. రెండవది, ఒక భుజం పాడైతే మొత్తం విల్లును పారవేయనక్కరలేదు. మూడవది, అభ్యాసి బలం పెరిగిన కొద్దీ పిడిని మార్చకుండా బరువైన భుజాలను అమర్చుకోవచ్చు.

చరిత్ర

విల్లును విడదీసే ఆలోచన కొత్తది కాదు. భారతదేశంలో మొగలుల కాలం నాటి ఉక్కు విల్లులలో కొన్ని పిడి వద్ద మర తిప్పి రెండు ముక్కలుగా చేయగలిగినవి ఉన్నాయి. అయితే కొమ్ము, నరములు, కలప అతికించి చేసిన విల్లులదే ఆనాడు పైచేయి.

ఫైబర్‌గ్లాస్, కృత్రిమ జిగురులు రెండవ ప్రపంచ యుద్ధం తరువాత అందుబాటులోకి రావడంతో ఆధునిక రికర్వ్ విల్లు రూపుదిద్దుకుంది. అమెరికాలో ఫ్రెడ్ బేర్ (1902-1988) 1933లో డెట్రాయిట్‌లో స్థాపించిన బేర్ ఆర్చరీ సంస్థ 1947లో మిషిగన్ రాష్ట్రంలోని గ్రేలింగ్‌కు, 1978లో ఫ్లోరిడాలోని గేన్స్‌విల్‌కు తరలింది. ఈ సంస్థ 1970 ప్రాంతంలో విడుదల చేసిన టేక్‌డౌన్ విల్లు భుజాలను పనిముట్లు లేకుండా కొక్కెంతో బిగించవచ్చు. గ్రేలింగ్‌లో తయారైన విల్లులను సేకరణకర్తలు ప్రత్యేకంగా కోరుకుంటారు.

ఎర్ల్ హోయిట్ (1911-2001) సంస్థ పోటీ విల్లులలో ప్రసిద్ధి పొందింది. విలువిద్య 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో తిరిగి చేర్చబడిన తరువాత లోహపు పిడి గల టేక్‌డౌన్ విల్లులు పోటీలలో త్వరగా వ్యాపించాయి. 1980 దశకంలో వచ్చిన హోయిట్ గోల్డ్ మెడలిస్ట్ నమూనాలోని భుజాల అమరిక తరువాత ఐ.ఎల్.ఎఫ్. అనే ఉమ్మడి ప్రమాణానికి ఆధారమైంది. దీని వలన ఒక సంస్థ పిడికి మరొక సంస్థ భుజాలు అమరుతాయి. అంతకు ముందరి విల్లులకు ఈ సౌకర్యం లేదు. జపాన్‌కు చెందిన యమహా సంస్థ కూడా 1959 నుండి విల్లులు తయారుచేసి, 2002లో ఆ వ్యాపారం నుండి వైదొలగింది.

పాత విల్లును గుర్తించుట

సేకరణలో మొదటి పని విల్లుపై ఉన్న వ్రాతలను చదవడం. భుజంపై పొడవు అంగుళాలలోను, లాగుడు బరువు పౌండ్లలోను వ్రాసి ఉంటాయి. ఈ బరువు 28 అంగుళాల లాగుడు వద్ద కొలిచినది. లాగుడు ఒక అంగుళం తగ్గితే బరువు సుమారు రెండు, మూడు పౌండ్లు తగ్గుతుంది. కాబట్టి 45 పౌండ్ల విల్లు 26 అంగుళాలు మాత్రమే లాగే వ్యక్తికి దాదాపు 40 పౌండ్లుగానే ఉంటుంది.

బేర్ విల్లులపై కనిపించే "కెనడా 1953" అనే ముద్రను చూసి విల్లు 1953 నాటిదని పొరబడేవారు ఎక్కువ. అది పేటెంట్ సంవత్సరమే గాని తయారీ సంవత్సరం కాదు. పిడిలో పొదిగిన లోహపు బిళ్ళ 1959 నుండి 1972 వరకు గల కాలాన్ని సూచిస్తుంది.

రెండు భుజాలు ఒకే జతకు చెందినవై ఉండాలి. వేర్వేరు జతల నుండి తెచ్చిన భుజాలు సమానంగా వంగవు, సేకరణగా కూడా వాటి విలువ తక్కువ. పాత మెరుగును గీకి కొత్త వార్నిష్ పూసిన విల్లు కంటే, గీతలు పడినా అసలు రూపంలో ఉన్న విల్లుకే ఆదరణ ఎక్కువ.

పరీక్ష, జాగ్రత్తలు

లాగిన విల్లు విరిగితే ముక్కలు ముఖానికి దగ్గరగానే ఎగురుతాయి. అందువలన పాత విల్లును పరీక్షించకుండా లాగరాదు. పరీక్షించవలసిన అంశాలు:

* భుజాల పొరలు: దూదిని భుజం వెంట మెల్లగా జరిపితే, లేచిన పొరల వద్ద, పగుళ్ళ వద్ద అది చిక్కుకుంటుంది. ఫైబర్‌గ్లాస్‌లో నిలువుగా కనిపించే సన్నని గీతలు పాత విల్లులలో సాధారణం. అడ్డంగా ఉన్న పగులు, పొర విడిపోవడం ప్రమాదకరం.
* మెలిక: ఎక్కుపెట్టిన విల్లును ఒక కొన నుండి చూసినపుడు నారి రెండు భుజాలకు నడిమధ్యగా కనిపించాలి.
* పిడి: లోహపు పిడిలో మరలు బిగించే రంధ్రాల చుట్టూ పగుళ్ళు, తెల్లని తుప్పు ఉన్నాయేమో చూడాలి. పగిలిన మెగ్నీషియం పిడిని అతికించి వాడరాదు.
* నారి: పాత విల్లులకు కొద్దిగా సాగే డాక్రాన్ నారి తగినది. తరువాత వచ్చిన సాగని నారలు బలపరచని భుజాల కొనలను చీల్చివేయగలవు. అమెరికా తయారీదారుల ప్రమాణం ప్రకారం నారి పొడవు విల్లుపై వ్రాసిన పొడవు కంటే మూడు అంగుళాలు తక్కువ ఉంటుంది.
* బాణం: మరీ తేలికైన బాణం భుజాలకు చేటు. పౌండుకు తొమ్మిది గ్రెయిన్ల లెక్కన 45 పౌండ్ల విల్లుకు సుమారు 400 గ్రెయిన్లు, అనగా 26 గ్రాముల బాణం అవసరం.

బాణం లేకుండా నారిని లాగి వదలడం అన్నింటి కంటే పెద్ద తప్పు. బాణం తీసుకొనిపోవలసిన శక్తి అంతా భుజాలలోనే మిగిలి వాటిని పగలగొడుతుంది. కొత్త నారి వేసిన తరువాత విల్లును కొన్ని గంటలు ఎక్కుపెట్టి ఉంచి, మొదట సగం వరకు, తరువాత క్రమంగా పూర్తిగా లాగి చూడాలి. ఎక్కుపెట్టడానికి రెండు కొనలకు తగిలించే తాడును వాడితే భుజాలు మెలిక పడవు.

ఎండ, నిలువ

పాత విల్లుకు ముఖ్య శత్రువు వేడి. నిజామాబాదు, బోధన్, ముప్కాల్ వంటి ఉత్తర తెలంగాణ ప్రాంతాలలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. ఎండలో నిలిపిన మూసిన కారులో వేడి అంతకంటే చాలా ఎక్కువ. ఆ వేడికి పాత జిగురు మెత్తబడి పొరలు విడిపోవచ్చు. ఎక్కుపెట్టి ఉన్న విల్లుకు ఈ ప్రమాదం మరీ ఎక్కువ. విల్లును నారి దించి, భాగాలు విడదీసి, నీడగల పొడి గదిలో ఉంచాలి. గోడకు చేర్చి నిలబెడితే కింది భుజం మెలిక పడుతుంది.

బాణాలు వేసే చోటు కూడా ముఖ్యమే. గురి తప్పిన బాణం వంద మీటర్లకు మించి పోగలదు. గడ్డిమోపుల వెనుక ఎత్తైన మట్టికట్ట ఉండాలి. ఎదిగిన చెరకుతోట లేదా మొక్కజొన్న చేను బాణాన్ని ఆపే అడ్డు కాదు. లోపల పనిచేసే కూలీలు బయటికి కనిపించరు. భారతదేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) వన్యప్రాణుల వేటను నిషేధించింది కనుక విల్లు ఇక్కడ క్రీడా సాధనం మాత్రమే.

తెలుగునాట విలువిద్య

నల్లమల చెంచులు, ఉత్తర తెలంగాణ గోండులు, గోదావరి ప్రాంతపు కోయలు తరతరాలుగా విల్లు వాడినవారు. చెంచుల విల్లు వెదురుతో చేసినది. జాతీయ స్థాయిలో ఇండియన్ రౌండ్ అనే విభాగం దేశీయ కలప, వెదురు విల్లులతో జరుగుతుంది. ఖరీదైన టేక్‌డౌన్ విల్లు కొనలేని పిల్లలకు అదే తొలిమెట్టు. రాజస్థాన్ గిరిజన కుటుంబంలో పుట్టి వెదురు విల్లుతో నేర్చుకున్న లింబారామ్ 1992లో బీజింగ్ ఆసియా పోటీలలో ప్రపంచ రికార్డును సమం చేశాడు.

భారత విలువిద్య సంఘం 1973లో ఏర్పడింది. ఆంధ్రప్రదేశ్‌లో ఈ క్రీడకు విజయవాడ కేంద్రమైంది. అక్కడ శిక్షకుడుగా పేరొందిన చెరుకూరి లెనిన్ 2010లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. ఆయన తండ్రి చెరుకూరి సత్యనారాయణ శిక్షణను కొనసాగించాడు. విజయవాడకు చెందిన బొమ్మదేవర ధీరజ్ రికర్వ్ విభాగంలో 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో జట్టు రజతం సాధించాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ మిశ్రమ జట్టు పోటీలో అంకితా భకత్‌తో కలిసి నాలుగవ స్థానం పొందాడు. అదే ఆసియా క్రీడలలో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ వాడేది కాంపౌండ్ విల్లు. కొనలలో కప్పీలు గల ఆ విల్లు వేరే జాతికి చెందినది.

టేక్‌డౌన్ విల్లు భాగాలు మార్చుకోదగినవి కావడం వలన ఒకరు వాడిన పిడి మరొకరి చేతిలో కొత్త భుజాలతో పనిచేస్తుంది. ఈ గుణమే నలభై, యాభై ఏళ్ళ నాటి విల్లులను నేటికీ సజీవంగా ఉంచుతున్నది. పరీక్ష చేసి, తగిన నారి, బాణం వాడినపుడు అవి కొత్త అభ్యాసికి చక్కగా ఉపయోగపడతాయి.

ఇవి కూడా చూడండి

* విలువిద్య
* బాణం
* వెన్నం జ్యోతి సురేఖ
* చెంచులు