కథ రాశారు సరే... పంపేదెక్కడికి?

బీరువాలో చీరల మడతల కింద ఒకటి. ఆఫీసు డ్రాయర్లో పాత ఫైళ్ల మధ్య మరొకటి. అచ్చుకి నోచుకోని కథలు మన ఇళ్లలో ఎన్నో! చాలామందికి రాయడం రాక కాదు... ఎవరికి పంపాలో తెలియకే ఆగిపోతుంటారు.

ఒకప్పుడు ఆ బెంగ లేదు. కథని కవర్లో పెట్టి, తిరుగు టపాకి స్టాంపులు జతచేసి, పోస్టు డబ్బాలో వేసి ఎదురుచూడటమే. భారతి, యువ లాంటి మాసపత్రికలు ఎందరినో రచయితల్ని చేశాయి. అవి ఏనాడో ఆగిపోయాయి. నవ్య వారపత్రిక 2020లో, విపుల, చతుర 2021లో సెలవు తీసుకున్నాయి. అలాగని దారులన్నీ మూసుకుపోలేదు.

చిరునామాలు మారాయంతే!

దినపత్రికల ఆదివారం అనుబంధాల్లో కథకి ఇప్పటికీ చోటుంది. సంక్రాంతికో, ఉగాదికో పత్రికలూ సాహితీ సంస్థలూ కథల పోటీలు పెడుతుంటాయి. అమెరికాలోని తెలుగువాళ్లు 1998లో మొదలుపెట్టిన 'ఈమాట' లాంటి అంతర్జాల పత్రికల్లో పేజీల కొరత ఉండదు కాబట్టి పెద్ద కథలకీ వీలుంటుంది. 35 ఏళ్లలోపు వారికైతే కేంద్ర సాహిత్య అకాడమీ 2011 నుంచి యువ పురస్కారం ఇస్తోంది. తెలుగులో తొలిసారి దాన్ని అందుకున్నది వేంపల్లి షరీఫ్... 'జుమ్మా' కథల సంపుటికి. 2024లో రమేశ్ కార్తీక్ నాయక్‌ని వరించింది, బంజారాల బతుకు చెప్పిన 'ఢావ్లో'కి. ఇద్దరూ రాసింది తమ వాళ్ల గురించే!

పంపేముందు ఒక్క నిమిషం

ముందు ఆ పత్రికలో వచ్చే కథలు నాలుగైదు చదవండి. ఎన్ని పదాలు అడిగారో చూసుకోండి. వెయ్యి పదాలు అడిగితే మూడు వేలు పంపితే చదవకుండానే పక్కన పెట్టే ప్రమాదం ఉంది. కథ సొంతమేననీ, అనువాదమో అనుసరణో కాదనీ, మరెక్కడా పరిశీలనలో లేదనీ హామీపత్రం జతచేయండి. ఒకే కథని ఒకేసారి రెండు పత్రికలకి పంపొద్దు. రెండింట్లోనూ అచ్చయితే సంతోషం ఒక్కరోజే... పోయిన నమ్మకం మళ్లీ రాదు. చెప్పిన గడువు దాటినా కబురు లేకపోతే, వెనక్కి తీసుకుంటున్నట్లు ఓ ముక్క రాసి మరోచోటికి పంపండి.

'డబ్బు కట్టండి, పుస్తకం వేస్తాం' అంటూ ఎవరైనా వస్తే తొందరపడొద్దు. ఎన్ని కాపీలు వేస్తారు, అమ్మేదెవరు, హక్కులు ఎవరివి... ఈ మూడూ కాగితం మీద రాయించుకోండి. లేదంటే మంచం కింద అట్టపెట్టెల్లో మిగిలేది మీ పొదుపు సొమ్మే.

ఇంతకీ ఏం రాయాలి?

దూరం వెళ్లక్కర్లేదు. ఓ రైలు ప్రయాణం, ఓ తుపాను రాత్రి, నియమాల పెద్దమనిషి, ఓ బిచ్చగత్తె... పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన'లో ఉన్నవి ఇవే. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చింది. నెల్లూరులోని ఓ పేట మహమ్మద్ ఖదీర్‌బాబుకి 'దర్గామిట్ట కతలు' ఇచ్చింది. గోదావరి ప్రాంతపు పల్లె వంశీ చేత 'మా పసలపూడి కథలు' రాయించింది. మీ వీధిలోనూ చెప్పాల్సిన కథ ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని మీ ఇంటి మాటల్లోనే చెప్పండి.

అచ్చయితే ఏమొస్తుందంటారా? శ్రీకాకుళంలో కారా మాస్టారు... అదే, కాళీపట్నం రామారావు 1997లో ప్రారంభించిన 'కథానిలయం' ఉంది. తెలుగు కథలన్నిటినీ ఒక్కచోట చేర్చాలన్నది ఆయన తపన. మూతపడిన పత్రికల్లోని కథలు కూడా అక్కడ చదివేవాళ్ల కోసం ఎదురుచూస్తున్నాయి. పత్రిక ఆగిపోయినా అచ్చయిన కథ బతుకుతుంది. పంపని కథకే ఆ అదృష్టం లేదు!