పేరు లేని మాంత్రికుడు

అశోక్‌నగర్‌లో కోచింగ్, రాంనగర్‌లో రూమ్, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే పట్టుకున్న కుర్చీ. మీలో చాలామందికి రోజులు ఇలాగే గడుస్తున్నాయి కదా. చుట్టూ అందరి చేతుల్లో పాలిటీ, కరెంట్ అఫైర్స్, అరిథ్‌మెటిక్. అలాంటి ఏరియాలో ఉంటూ నేను ఈ మధ్య చదివిన పుస్తకం పేరు 'శిథిలాలయం'. అవును, చందమామ సీరియలే! ఇంజినీరింగ్ చదివి, టెక్నాలజీ మీద బ్లాగు రాసుకునేవాడికి ఇదేం పని అంటారా? చెబుతాను. దీనికీ మీ ఉద్యోగ వేటకూ లింకు ఉంది.

పిల్లల ఫాంటసీ అనగానే మన బ్యాచ్‌కి ముందు గుర్తొచ్చేది హ్యారీ పోటర్. మన ఇంట్లో పెద్దవాళ్లని అడిగి చూడండి. తోకచుక్క, మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం... పేర్లు చెబుతుంటేనే వాళ్ల కళ్లు వెలుగుతాయి. చందమామ 1947 జులైలో మొదలైంది. అందులో 1954లో వచ్చిన 'తోకచుక్క'తో మొదలుపెట్టి 1978 దాకా ఇలాంటి సీరియళ్లు 12 వచ్చాయి. తెలుగులో పుట్టి తమిళం, కన్నడం, హిందీ చందమామల్లోకీ వెళ్లాయి. చిత్రా వేసిన బొమ్మలైతే కథతో సమానంగా గుర్తుండిపోయాయి.

చిన్నప్పుడు తాతయ్య బైండు చేయించిన సంపుటాల్లో ఇవి చదివినప్పుడు నాకు కావాల్సింది ఒక్కటే, తర్వాత ఏమవుతుందని. శబర యువకుడు శిఖిముఖి, అతని మిత్రుడు విక్రమకేసరి అడవిలో ఎటు వెళ్లినా మనమూ వాళ్ల వెనకే పరుగు. ఇప్పుడు చదివితే కథ అదే, కానీ చూపు వేరే వాళ్ల మీద పడుతుంది. ముఖ్యంగా విలన్ల మీద. ఈ మాంత్రికులు, రాక్షసులు అప్పట్లో ఎంత భయపెట్టారో! ఇప్పుడేమో నవ్వొస్తోంది. వాళ్లకీ ఆకలేస్తుంది, భయమేస్తుంది, ఒకళ్లంటే ఒకళ్లకి పడదు. మంత్రం వేళకి పనిచేయదు. గురువు అరుస్తాడు, శిష్యుడు సందు చూసుకుని జారుకుంటాడు. ఒకసారి ఉద్యోగం చేసినవాడికి ఈ సీన్లు బాగా తెలిసినవే. మీరూ జాయినయ్యాక చూస్తారు లెండి.

రెండో సంగతి వాక్యం. చిన్న వాక్యం, గట్టి క్రియ, అంతే. వర్ణన కోసం కథ ఆగదు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏనుగు ఎటు నుంచి వచ్చింది, చెట్టు మీద ఉన్నవాడికి ఏం కనిపించింది, అన్నీ స్పష్టం. ప్రతి నెలా ముందటి కథను నాలుగైదు వాక్యాల్లో చెప్పి, వెంటనే అసలు విషయంలోకి దిగుతారు. ఆ నాలుగైదు వాక్యాలను పిల్లలుగా మనం వదిలేసేవాళ్లం, ఇప్పుడు ఓటీటీలో 'స్కిప్ రీక్యాప్' నొక్కినట్టు. ఈసారి వాటినే ఆగి చదివాను. డజను పాత్రలు, మూడు నాలుగు చోట్ల జరుగుతున్న కథ, దాన్ని కొత్త పాఠకుడికి అర్థమయ్యేలా అంత తక్కువలో చెప్పడం తేలికా? ఇంటర్వ్యూలో 'మీ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు గురించి చెప్పండి' అంటే ఐదు వాక్యాల్లో ఎంతమందిమి చెప్పగలం? ట్రై చేయండి, కష్టం తెలుస్తుంది.

నచ్చనివీ ఉన్నాయి. ఆడపాత్రలు తక్కువ. కొన్నిచోట్ల కథ సాగుతూనే ఉంటుంది, నెలనెలా చదివినవాళ్లకు తెలియకపోవచ్చు గానీ ఒకే ఊపున చదివితే ఆయాసం వస్తుంది. పన్నెండూ గొప్పవే అని నేను అనను.

అసలు సంగతికి వస్తాను. పిల్లలెవరూ అడగని ప్రశ్న ఒకటుంది. ఇవి రాసిందెవరు?

దాసరి సుబ్రహ్మణ్యం. 1952లో చందమామలో చేరారు. 2006 వరకు అక్కడే పనిచేశారు. అంటే 54 ఏళ్లు, ఒకే పత్రిక. కానీ చందమామలో ఈ సీరియళ్లకు రచయిత పేరు వేసేవారు కాదు. అక్కడి పద్ధతే అది. సంపాదకుడిగా చాలాకాలం అచ్చయిన పేరు చక్రపాణిది, 1952 నుంచి 1980లో చనిపోయేదాకా ఎడిటింగ్ పని చూసింది కొడవటిగంటి కుటుంబరావు. నెలనెలా 'తర్వాత ఏమవుతుంది' అని ఎదురుచూసిన పిల్లలకు, ఆ తర్వాతను రాస్తున్న మనిషి ఎవరో తెలియదు.

ఇదంతా నిరాడంబరత, త్యాగం అని పొగిడేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. పేరు వేయడానికి పట్టేది ఒక్క లైను. ఆ లైను ఉంటే సీరియల్ విలువేం తగ్గదు, రాసినవాడు మాత్రం కనిపిస్తాడు. గిట్‌హబ్‌లో ఒక కమిట్‌కి కూడా పేరు పడే కాలం మనది. అయినా ఇంటర్న్‌షిప్‌లో మీరు రాసిన కోడ్, మీరు చేసిన డిజైన్, మీరు రాసిన కంటెంట్ చివరికి ఎవరి ఖాతాలో పడుతుందో మీకు తెలుసా? కంపెనీ పని కంపెనీదే, అందులో గొడవ లేదు. కానీ ఏది మీరు చేశారో చెప్పుకునే అనుమతి ఉందా లేదా అన్నది చేరేముందే అడగండి. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ప్రాజెక్టు పేరు, మీ పాత్ర రాయించుకోండి. మీరు ఏ నెలలో ఏం చేశారో రెండు ముక్కలు మీ దగ్గరా రాసి పెట్టుకోండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు.

దాసరి పేరు పాఠకులకు గట్టిగా తెలిసింది చాలా ఆలస్యంగా. పాత సంచికలు దాచుకున్న అభిమానులు ఓపిగ్గా కూడబెట్టి చెప్పారు. మన రాంనగర్ గుండు పక్కనే, విద్యానగర్ నుంచి వెలువడిన 'రచన' మాసపత్రిక కూడా ఆయన గురించి రాసింది. వాహిని బుక్ ట్రస్ట్ ఈ సీరియళ్లను పుస్తకాలుగా వేసింది, ఈసారి అట్ట మీద ఆయన పేరుతో. ఆయన 2010 జనవరిలో కన్నుమూశారు.

చదవాలనిపిస్తే 'తోకచుక్క'తో మొదలుపెట్టక్కర్లేదు, ఇవి ఒకదానికొకటి కొనసాగింపులు కావు. ఖడ్గవర్మ, జీవదత్తుల జోడీ కావాలంటే మాత్రం ముందు 'రాతిరథం', ఆ తర్వాత 'యక్షపర్వతం'. నాకైతే 'శిథిలాలయం' ఎక్కువ నచ్చింది. ఒక్క మాట, ప్రిలిమ్స్‌కి వారం ఉందనగా మాత్రం ముట్టుకోకండి. రాత్రి ఒక్క భాగమే అని కూర్చుంటారు, చూసేసరికి కింద పాలవాడి బండి చప్పుడు వినిపిస్తుంది.