డెట్రాయిటు పాఠశాలల పద్దులు

2016వ సంవత్సరము జనవరి 20వ తేదీని అమెరికా సంయుక్త రాష్ట్రములలో మిచిగన్ రాష్ట్రమునందలి డెట్రాయిటు నగరమున 88 పాఠశాలలు తెఱువబడలేదు. ఆ నగరపు పాఠశాలల బోర్డు క్రింద నున్నవన్నియు కలిపి ఇంచుమించు నూఱు మాత్రమే. ఆనాడు సెలవుదినము కాదు, మంచుతుపానును లేదు. ఉపాధ్యాయులు వందలకొలది ఒక్క ఉదయముననే తమకు జబ్బుచేసినదని కబురంపిరి. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయులు సమ్మెకట్టరాదని మిచిగన్ చట్టము శాసించుచున్నది. సమ్మెను నిషేధించిన శాసనకర్తలు జ్వరమును నిషేధించుట మఱచిరి గాబోలు! అధ్యక్షుడు ఒబామా మోటారుబండ్ల ప్రదర్శనమును చూచుటకై ఆ దినముననే ఆ నగరమునకు వచ్చియుండెను. లోకమునకు మోటారుబండ్లను నేర్పిన ఆ నగరముననే బడిగోడలకు బూజుపట్టియుండెను. తరగతిగదులలో ఎలుకలు తిరుగుచుండెను. ఒక పాఠశాలయందు వ్యాయామశాల నేలపలకలు తడిసి యుబ్బి, పిల్లలు కాలుపెట్టుటకు వీలులేకయుండెను. ఉపాధ్యాయులు వీనికెల్ల ఛాయాపటములు తీసి ప్రకటించిరి.

ఇంత దూరదేశపు బడుల ప్రసక్తి మనకేల యని పాఠకులు కొందఱడుగవచ్చును. చెన్నపట్టణమునందలి తెలుగువారి యిండ్లలో బిడ్డలలో నొకరైనను అమెరికాకు పోని యిల్లు అరుదైనది. డెట్రాయిటు చుట్టునున్న ట్రాయ్, నోవై, కాంటన్, ఫార్మింగ్టన్ హిల్స్ మొదలగు ఊళ్లలో మోటారు పరిశ్రమను నమ్ముకొని మన యింజనీర్లు సంసారములు పెట్టుకొనియున్నారు. వారు ఇల్లు కొనబోవునప్పుడు మొట్టమొదట విచారించునది నీటి వసతి గాదు, ఆ యిల్లు ఏ పాఠశాలా మండలమునకు చెందినదను విషయము. అచ్చట పాఠశాలల నిర్వహణము నగరపాలక సంఘముచేతిలో నుండదు. బడులకై ప్రత్యేకముగా ఒక మండలము, దానికి ప్రజలెన్నుకొన్న బోర్డు, ఆ బోర్డు నియమించు సూపరింటెండెంటు, దానికి వేఱు పన్ను, వేఱు ఋణములు, వేఱు పద్దు. ఒక వీధికి ఈవల నొక మండలము, ఆవల నొక మండలము. ఆవలి పద్దులో ఎంత నిలువయున్నను ఈవలి పిల్లలకు దానిలో చిల్లిగవ్వయు రాదు.

ఈ గీత ఎంత గట్టిదో తెలియవలెనన్నచో 1974వ సంవత్సరపు మిల్లికన్ వర్సెస్ బ్రాడ్లీ తీర్పును చూడవలెను. డెట్రాయిటు నల్లజాతి పిల్లలను, శివారు తెల్లజాతి పిల్లలను ఒకే పథకము క్రింద బడులకు పంపవలెనని క్రింది న్యాయస్థానము చెప్పగా, శివారు మండలములు తాము నేరము చేసినట్లు రుజువు కానిదే ఆ సరిహద్దును దాటరాదని సుప్రీముకోర్టు ఐదుగురు నొకవైపు, నలుగురొకవైపుగా తీర్పుచెప్పెను. ఆ పిమ్మట శివారులకు పోగలవారందఱును పోయిరి. 1950లో 18 లక్షల 49 వేల జనాభాగల ఆ నగరమున 2020 నాటికి 6 లక్షల 39 వేలమంది మిగిలిరి. మిగిలినవారిలో అధికసంఖ్యాకులు నల్లజాతివారు, బీదవారు.

దీనికి 1994వ సంవత్సరపు విత్తసంస్కరణము తోడయ్యెను. అంతకుముందు బడుల ఖర్చులో ఎక్కువభాగము స్థానికమైన ఆస్తిపన్నునుండి వచ్చుచుండగా, మిచిగన్ ఓటర్లు దానిని తగ్గించి అమ్మకపు పన్నును పెంచి, తలకింత చొప్పున రాష్ట్రమే గ్రాంటు ఇచ్చు పద్ధతికి ఒప్పుకొనిరి. పేద మండలములకు ఇది మేలే. కాని గ్రాంటు పిల్లవానితో నడచును. పిల్లవాడు శివారునకు పోయినను, 1993 చట్టముచే వెలసిన చార్టరు పాఠశాలకు పోయినను, వానితో గ్రాంటు పోవును. వాడు వదలిపోయిన గదికి కప్పు వేయుట, చలికాలమున వేడిచేయుట మాత్రము ఆగవు. ముప్పదిమంది గల తరగతినుండి ఐదుగురు పోయినచో ఉపాధ్యాయుని జీతములో ఆఱవవంతు తగ్గింపరాదు గదా. 1999 ప్రాంతమున లక్షా 70 వేలకు పైగా నున్న డెట్రాయిటు విద్యార్థుల సంఖ్య 2016 నాటికి 47 వేలకు దిగినది. 2000 తరువాత పదునైదేండ్లలో సుమారు 200 బడులు మూయబడినవి. పద్దు తెలిసినవాడెవ్వడును ఈ కారణమును చిన్నది యనజాలడు.

అయినను ప్రజలకు కోపము కలిగినది ఇందువలన మాత్రమే కాదు. 1999లో రాష్ట్ర శాసనసభ, గవర్నరు ఎంగ్లరు కోరికపై, ప్రజలెన్నుకొన్న బోర్డును తొలగించి, ఏడుగురు సభ్యులలో ఆఱుగురను మేయరు నియమించునట్లు చట్టము చేసెను. బోర్డు చేతగానిది యనిరి; బడులలో చదువు హీనముగా నున్నదనిరి. చదువు సంగతి నిజమే కావచ్చును. కాని ఆనాటి పద్దులో తొమ్మిదికోట్ల డాలర్లకు పైగా నిలువయుండెను. అంతేగాక బడుల కట్టడములకై 150 కోట్ల డాలర్ల ఋణమును 1994లో ఓటర్లే మంజూరుచేసియుండిరి. నియామకపు బోర్డు ఆఱేడేండ్లు పాలించి దిగిపోవునాటికి నిలువ పోయి, సుమారు 20 కోట్ల లోటు మిగిలెను. ఆ లోటును దీర్ఘకాలిక ఋణముగా మార్చి రాబోవు తరములపై వైచిరి.

2004 నవంబరులో ఓటర్లు తమ బోర్డును తిరిగి తెచ్చుకొనిరి. 2006 జనవరిలో అధికారమునకు వచ్చిన ఆ బోర్డును మేము వెనుకవేసుకొని రాబోము. మూడేండ్లలో ఇద్దఱు సూపరింటెండెంట్లను తొలగించినది. సభలలో జగడములు ముదిరినవి. లోటు మఱల పెరిగినది. ఎన్నుకొనబడినంత మాత్రమున పద్దు చక్కబడదు. 2009 మార్చిలో గవర్నరు గ్రాన్‌హామ్ బోర్డు నెత్తిమీద ఒక ఎమర్జెన్సీ మేనేజరును నియమించెను. ఆ సంవత్సరాంతపు లోటు 21 కోట్ల 90 లక్షలు. ఆయన పదవి ముగియునప్పటికి, అనగా 2011లో, అది 32 కోట్ల 70 లక్షలైనది. లోటును తీర్చుటకు వచ్చినవాని కాలముననే లోటు సగము వంతు పెరిగినదన్న మాట! తరువాత మఱి ముగ్గురు వచ్చిరి. వారిలో కడపటివాడు డార్నెల్ ఎర్లీ 2015 జనవరిలో చేఱెను. ఫ్లింటు నగరము 2014లో త్రాగునీటి ఆధారమును మార్చిన కాలమున అచ్చట ఎమర్జెన్సీ మేనేజరుగా నుండినవాడును ఆయనయే. 2016 ఫిబ్రవరి చివర ఆయన తప్పుకొనగా, డెట్రాయిటు నగరపు దివాలా దావాను విచారించిన విశ్రాంత న్యాయమూర్తి స్టీవెన్ రోడ్స్ ఆ స్థానమునకు వచ్చెను.

ఈ మేనేజర్ల అధికారమును గుఱించిన చట్టపు కథ న్యాయవాదులకు ముచ్చటగొలుపునది. 2011లో గవర్నరు స్నైడరు కాలమున నాలుగవ నంబరు చట్టముచే మేనేజర్లకు ఒడంబడికలను రద్దుచేయుటతో సహా సర్వాధికారములు ఈయబడెను. 2012 నవంబరులో రాష్ట్రప్రజలు జనవాక్యమున ఆ చట్టమును కొట్టివేసిరి. డిసెంబరు ముగియకముందే శాసనసభ ఇంచుమించు అటువంటి చట్టమునే 436వ నంబరుతో మఱల చేసెను. ఈ పర్యాయము అందులో కొంత ధనకేటాయింపును చేర్చిరి. ధనము కేటాయించు చట్టములపై జనవాక్యము కోరరాదని ఆ రాష్ట్ర రాజ్యాంగమున నిబంధన కలదు! వకీలుతనమున కిది మెచ్చదగినదే. బోర్డు సభలకు వచ్చి తల్లులు అరచుచున్నారని విసుగుకొను పెద్దలు, ఆ తల్లులు ఓటువేసి గెలిచిన ఫలితము రెండునెలలు దాటకముందే ఏమైనదో కూడ తలచుకొనవలెను.

మన యూరివారికి ఈ అనుభవము క్రొత్తకాదు. మస్టరురోళ్ల కుంభకోణము పేరిట 1973లో చెన్నపట్టణ కార్పొరేషను కౌన్సిలు రద్దుచేయబడి, 1996 వఱకు ఇరువదిమూడేండ్లు స్పెషలాఫీసర్ల పాలననుండెను. మఱల 2016 నుండి 2022 వఱకును అట్లే జరిగినది. ఆ కాలమంతయు కార్పొరేషను బడులును నడచినవి, వానికై పన్నును మనమే కట్టితిమి. ఒక డివిజనులో బడికప్పు కారుచున్నదని అడుగుటకు కౌన్సిలరు మాత్రము లేడయ్యెను. మస్టరురోలులో దొంగపేర్లు వ్రాసినవారిని శిక్షింపవలసినదే. దానికై ఓటర్లకు ఇన్నియేండ్లు శిక్ష యేల?

డెట్రాయిటులో ప్రజలు లేనిచోట నిజాయితీ వర్ధిల్లినదా యన్నచో అదియును లేదు. 2016 మార్చిలో కేంద్రప్రభుత్వపు ప్రాసిక్యూటర్లు పండ్రెండుగురు ప్రధానోపాధ్యాయులపైన, ఒక పై యధికారిపైన, ఒక సరుకుల వ్యాపారిపైన నేరారోపణ చేసిరి. పుస్తకములు, కుర్చీలు మొదలగునవి సరిగా అందకపోయినను అందినట్లు బిల్లులు చూపి 27 లక్షల డాలర్లు కాజేయుటయు, అందులో లంచములు పంచుకొనుటయు జరిగినదని అభియోగము. ఆ బిల్లులు మంజూరైన సంవత్సరములలో కొన్ని మేనేజర్ల యేలుబడిలోనివే. కాగితపు రీములు లేక ఉపాధ్యాయులు తమ జీతములోనుండి కొనుచుండిన రోజులును అవే.

2016 మేనెలలో కథ ముదిరెను. జూను 30 తరువాత జీతములకు సొమ్ములేదని రోడ్స్ ప్రకటించెను. పది నెలల పనికి వచ్చు జీతమును పండ్రెండు నెలలకు పంచి తీసికొనుటకు ఒప్పుకొన్న ఉపాధ్యాయులు చాలమంది యుండిరి. వారు అప్పటికే చేసిన పనికి వేసవిలో రావలసిన కూలి రాదని దీని యర్థము. అనగా దివాలాదీసిన మండలమునకు వారు తెలియకయే అప్పిచ్చినవారైరి. మే 2వ తేదీని 97 బడులలో 94 మూతపడెను.

జూనులో శాసనసభ 61 కోట్ల 70 లక్షల డాలర్ల సహాయమును మంజూరుచేసెను. ఇందులో 46 కోట్ల 70 లక్షలు పాత ఋణములకు, 15 కోట్లు క్రొత్త ప్రారంభమునకు. జూలై 1వ తేదీనుండి మండలము రెండైనది. పిల్లలు, ఉపాధ్యాయులు, బడులు ఒక క్రొత్త మండలమునకు పోయిరి. పాతమండలము పన్ను వసూలుచేసి అప్పు తీర్చుటకు మాత్రము నిలుపబడినది. ఒక్క విద్యార్థియు లేని పాఠశాలా మండలము! దివాణము పోయినను బాకీ మిగిలిన జమీందారీలను చూచినవారికిది వింతగా తోచదు. ఆ చట్టముననే డెట్రాయిటులో మాత్రము శిక్షణపట్టా లేనివారినైనను ఉపాధ్యాయులుగా నియమింపవచ్చునని చేర్చిరి. ఏ శివారు మండలమునకును ఈ వరము ప్రసాదింపబడలేదు. 2016 నవంబరులో ఎన్నికైన బోర్డు 2017 జనవరిలో పనికి వచ్చెను; దానిపై కొంతకాలము రాష్ట్రపు ఆర్థిక పర్యవేక్షణమును ఉంచిరి. 2018లో క్రొత్త సూపరింటెండెంటు నికొలాయ్ వీటీ సీసము, రాగి కలసియున్నవని బడులన్నిటిలోను త్రాగునీటి కొళాయిలను మూయించెను. కట్టడముల మరమ్మతునకు 50 కోట్ల డాలర్లు కావలెనని ఆ సంవత్సరముననే లెక్కతేలినది. మేనేజర్లు ఆదాచేసితిమని చూపిన సొమ్ములో కొంత ఈ కొళాయిలలోను, ఈ కప్పులలోను దాగియున్నదని మా యభిప్రాయము. 2022లో కోవిడు సహాయధనమునుండి 70 కోట్ల డాలర్లతో మరమ్మతుల ప్రణాళిక వచ్చినది. మహామారి రాకున్నచో ఆ సొమ్మెక్కడిదో చెప్పుట కష్టము.

ఇక 2016 సెప్టెంబరులో ఏడుగురు విద్యార్థులు రాష్ట్రాధికారులపై కేంద్రన్యాయస్థానమున దావావేసిరి. చదువ వ్రాయ నేర్పని బడికి పంపుట బడి లేకుండుటతో సమానమనియు, అది రాజ్యాంగ విరుద్ధమనియు వారి వాదము. డెట్రాయిటు బడులను నడపునది స్థానికుల బోర్డు గాని తాము గారు గనుక, తాము తగిన ప్రతివాదులము కామని రాష్ట్రము తరఫువారు వాదించిరి! పదునాఱేండ్లకు పైబడిన కాలములో అధికభాగము పెత్తనమును తమ చేతినుంచుకొని, దావా పడగానే స్థానిక స్వపరిపాలనమును జ్ఞాపకము చేసికొనుటకు కొంత ధైర్యము కావలెను. 2020 ఏప్రిల్ 23న అప్పీలుకోర్టు ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దఱు ఈ వాదమును త్రోసివైచి, అక్షరాస్యత నొసగు కనీసవిద్య రాజ్యాంగహక్కేయని తీర్పుచెప్పిరి. ఆ మేనెలలో గవర్నరు విట్మరు విద్యార్థులతో రాజీపడెను. అంతలో అప్పీలుకోర్టు పూర్తిబెంచి ఆ తీర్పును రద్దుపఱచి తిరిగి విచారింప నెంచుటచే, తీర్పు నిలువలేదు, రాజీ నిలిచినది. దాని ప్రకారము ఏడుగురికి కలిపి 2 లక్షల 80 వేల డాలర్లు, అనగా తలకు 40 వేలు. బడులలో చదువు నేర్పుటకై 9 కోట్ల 44 లక్షలు శాసనసభను కోరుదునని గవర్నరు వాగ్దానము. శాసనసభ ఆ సొమ్మును 2023లో గాని మంజూరుచేయలేదు. 2016లో మొదటి తరగతిలోనుండిన బిడ్డ అప్పటికి ఎనిమిదవ తరగతికి వచ్చియుండును. ఈ వ్యవహారములో తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, విద్యార్థులు సభ్యులుగా గల ఒక సంఘము ఏర్పడి, వారి సలహా తీసికొనవలెనని రాజీపత్రముననే వ్రాయబడినది.