చెపాక్‌లో పుస్తకం, కొట్టూర్పురంలో తాళపత్రం

మెరీనా బీచ్‌కి వెళ్లిన మనవాళ్లు అలల్లో కాళ్లు తడుపుకుని, సుండల్ పొట్లం కొనుక్కుని తిరిగొచ్చేస్తారు. ఒక్కసారి సముద్రానికి వీపు పెట్టి చూడాలి. రోడ్డు అవతల చెపాక్‌లో గడియార గోపురంతో కనిపించేదే మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయం. 1936 నుంచి ఆ భవనమే దాని గూడు.

విశ్వవిద్యాలయం పుట్టింది 1857లోనే అయినా, మొదటి గ్రంథపాలకుడు వచ్చింది 1924లో. ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కలు చెప్పుకునే ఎస్.ఆర్. రంగనాథన్‌కి ఆ కుర్చీలో ఊపిరాడలేదు. తిరిగి పాఠాలకే వెళ్లిపోతానన్నారు. ముందు ఇంగ్లండ్ వెళ్లి చూసి రమ్మని పంపారు. అక్కడి గ్రంథాలయాలు చూశాక మనిషే మారిపోయారు. లండన్ దుకాణంలో మెకానో బొమ్మ కనిపించింది. అవే ముక్కలు, బిగించే తీరును బట్టి ఒకసారి బండి, ఒకసారి వంతెన. పుస్తకాల విషయాలనూ అలా ముక్కలుగా విడదీసి కలపొచ్చని తోచింది. పుస్తకాలను విషయాల వారీగా అమర్చే ఆయన 1933 నాటి కోలన్ వర్గీకరణకు బీజం అదే. అంతకు రెండేళ్ల ముందే ఆయన గ్రంథాలయ శాస్త్ర పంచసూత్రాలు వెలువడ్డాయి. నన్నడిగితే వీటన్నిటికన్నా పెద్ద పని, పాఠకుణ్ణి నేరుగా అల్మరాల మధ్యకు రానివ్వడం. అడిగిన పుస్తకం ఒక్కటే చేతికొస్తే, పక్కనున్న పుస్తకం సంగతి ఎలా తెలుస్తుంది?

మన తెలుగు సొత్తు సంగతి వేరే ఉంది. 1869లో ఏర్పడ్డ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం చాలా ఏళ్లు ఈ చెపాక్ భవనంలోనే నడిచింది. సర్వే అధికారి కర్నల్ మెకంజీ కోసం ఏలూరు వాసులు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఊరూరా తిరిగి రాయించి తెచ్చిన కైఫీయత్తులు (ఊళ్ల చరిత్రలు), బ్రౌన్ దొర కడప బంగళాలో పండితుల్ని కూర్చోబెట్టి సరిచూయించిన కావ్యాల ప్రతులు అక్కడికే చేరాయి. వేటూరి ప్రభాకరశాస్త్రి పనిచేసిన చోటు అది.

అక్కడి తాళపత్రాల్లో ఒకదాన్ని దగ్గరగా చూడండి. రెండు వేళ్ల వెడల్పు ఆకు, దారం దూర్చడానికి బెజ్జం, పైనా కిందా చెక్క బద్దలు. గంటంతో గీరిన అక్షరానికి రంగుండదు. పైన మసి పూసి గుడ్డతో తుడిస్తే గీతల్లో నలుపు నిలిచి పద్యం పైకి తేలుతుంది. ఎండి పెళుసెక్కకుండా నిమ్మగడ్డి నూనె రాయాలి. ఒక్క ఏడు ఏమరిస్తే పురుగు ఊరుకోదు. ఆకు విరిగితే పద్యమూ విరుగుతుంది.

ఆ లిఖిత గ్రంథాలయం తర్వాత కొట్టూర్పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయ భవనానికి మారింది. చెన్నై వెళ్లినప్పుడు ఒక పూట దానికోసం కేటాయించండి. అనుమతి సంగతి ముందే కనుక్కుని వెళ్లి, మీ ఊరి కైఫీయత్తు ఉందేమో అడగండి.