బర్రెను గొడ్డుది అనే ముందుగాల నైట్రోజన్ డబ్బా సూడుండ్రి

"మూడుసార్లు సూది ఏపిచ్చినం, బర్రె చూడి కట్టలే. ఇగ ఇది గొడ్డుది, అమ్మేద్దాం." ఊర్లల్ల పాడి రైతుల నోట నేను మస్తుసార్లు ఇన్న మాట ఇది. తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, బర్రె మీద నింద ఏసే ముందుగాల ఆ స్ట్రా మీ కొట్టం దాక ఎట్ల వచ్చిందో అడుగుండ్రి.

మా కంచన్‌బాగ్‌కు పడమటి దిక్కు, అత్తాపూర్ల సీసీఎంబీ వాళ్ల లాకోన్స్ ల్యాబ్ ఉన్నది. అడవి జంతువుల వీర్యం, కణాలు దాచేటందుకు 2018ల అక్కడ జాతీయ బ్యాంకు పెట్టిండ్రు. మన ఆవులు, బర్రెల కోసం ఆబోతుల వీర్యం గడ్డకట్టించే కేంద్రం కరీంనగర్ల ఉన్నది. రెండు తావుల్ల దాచేటి సూత్రం ఒక్కటే: మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్.

ఉత్తగ సల్లబెడితే కాదు. నిండా నీళ్లున్న గాజుసీసను ఫ్రీజర్ల పెడితే పగులుతది కదా, వీర్యకణం కూడా అంతే. లోపలి నీళ్లు మంచుముక్కలై పైపొరను చీలుస్తయి. 1949ల ఇంగ్లండ్ల పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రవేత్తలు గ్లిజరాల్ కలిపితే కణాలు బతుకుతయని సూపెట్టిండ్రు. కోడిగుడ్డు పచ్చసొన కూడా కలుపుతరు, అది సలిదెబ్బ తగులకుంట పొరను కాపాడుతది. ఒక స్ట్రాల పట్టేది పావు మిల్లీలీటరే, అండ్ల సుమారు 2 కోట్ల కణాలుంటయి. ఎంత మంచిగ చేసినా గడ్డకట్టేటప్పుడే సగం దాక సచ్చిపోతయి.

మిగిలిన సగాన్ని కాపాడేది డబ్బాల ఉన్న నైట్రోజనే. మూత పెట్టినా అది రోజూ కొంచెం ఆవిరైతనే ఉంటది. డబ్బా ఎండితే స్ట్రా వేడెక్కి కణాలు సస్తయి. మల్ల నైట్రోజన్ పోస్తే స్ట్రా గడ్డకడతది గానీ పోయిన పానం తిరిగి రాదు. పైకి సూస్తే రెండూ ఒక్కతీరే ఉంటయి, అదే అసలు మోసం.

అందుకే సూది ఏసేటప్పుడు పక్కన నిలబడి సూడుండ్రి. డబ్బాల నైట్రోజన్ ఉన్నదా? స్ట్రాలను డబ్బా మెడ దాటి పైకి లేపి ముచ్చట్లు పెడుతుండ్రా? తీసిన స్ట్రాను 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లల్ల 30 సెకన్లు పెట్టిండ్రా, లేకుంటే చేతుల నలిపిండ్రా? కరిగిన స్ట్రాను ఎంటనే వాడాలె, మల్ల డబ్బాల ఏయొద్దు. స్ట్రా మీద ఆబోతు నంబరు, జాతి అచ్చేసి ఉంటయి, ఫోన్ల ఫోటో తీసి పెట్టుకోండ్రి.

చూడి కట్టకపోతే ప్రతిసారి స్ట్రాదే తప్పని నేననను. మేత తక్కువైనా, గర్భసంచికి జబ్బున్నా, ఎద టైం తప్పినా నిలబడదు. బర్రెల ఎద సరిగ కనబడదు కూడా. గోపాలమిత్రతోని కొట్లాడుమని కూడా చెప్తలేను. నైట్రోజన్ టైంకు అందకుంటే ఆయన మాత్రం ఏం చేస్తడు? అడగాల్సింది సర్కారును. ప్రతి డబ్బాకు టైంకు నైట్రోజన్ రావాలె, నింపిన తేదీ డబ్బా మీదనే రాయాలె. గ్రామసభల పెట్టుండ్రి గీ ముచ్చట.

ఒక్కసారి తప్పితే మల్ల ఎదకు 21 రోజులు. మూడుసార్లు తప్పితే రెండు నెలలు పైనే. మేత మాత్రం రోజూ ఏయాలె. ఆ నష్టం బర్రెను మేపేటోని నెత్తి మీదనే పడుతది, అందుకే అడిగే హక్కు కూడా ఆయనదే.