నడుస్తుంటే కాళ్ళు మొరాయిస్తున్నాయా?

మీ ఇంట్లో అరవై దాటినవారు ఉంటే ఒకసారి గమనించండి. వీధి చివరిదాకా నడిచేసరికి పిరుదులనుంచి పిక్కలదాకా గుంజుడు, తిమ్మిరి. ఏ అరుగుమీదో రెండు నిమిషాలు కూర్చుంటే హాయి. లేచి నాలుగడుగులు వేస్తే మళ్ళీ మొదలు. చిత్రమేమిటంటే, ఆ మనిషే సైకిలు సులువుగా తొక్కగలడు! "వయసు మీద పడింది" అంటారు ఇంట్లోవాళ్ళు. ఆయన క్రమంగా గుడికి, బజారుకు వెళ్ళడం మానేసి కుర్చీకి అంటుకుపోతాడు. వయసు మాట నిజమే కాని, వయసని వదిలేయవలసిన బాధ కాదిది.

నడుము దగ్గర వెన్నుపూసల మధ్యనుంచి ఒక కాలువ దిగుతుంది. వెన్నుపాము నడుము పైభాగంలోనే ఆగిపోతుంది. అక్కడినుంచి నాడులు గుర్రపు తోకలాగా పాయలు పాయలుగా ఈ కాలువలో కిందికి వెళతాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ముందునుంచి డిస్కు ఉబ్బుతుంది, పక్కన కీళ్ళు లావెక్కుతాయి, వెనక ఉండే పసుపుపచ్చని లిగమెంటు మందమవుతుంది. కాలువ ఇరుకైపోతుంది. నిటారుగా నిలబడితే ఆ ఇరుకు ఇంకా పెరుగుతుంది, ముందుకు వంగితే కాస్త విచ్చుకుంటుంది. కూర్చుంటే హాయి అందుకే. హాలండు న్యూరోసర్జను హెంక్ వెర్బీస్ట్ 1954లో దీన్ని వివరంగా రాశాడు. డాక్టర్లు దీన్ని లంబార్ స్పైనల్ స్టెనోసిస్ అంటారు.

కాళ్ళ రక్తనాళాలు పూడుకున్నా నడిస్తే పిక్కలు పట్టేస్తాయి. కాని అప్పుడు కూర్చోనక్కరలేదు, ఆగి నిలబడితే తగ్గుతుంది. మధుమేహంవల్ల నాడులు దెబ్బతింటే పడుకున్నా అరికాళ్ళు మండుతాయి. ఒకే మనిషికి ఇవన్నీ ఉండనూవచ్చు. అందుకని పాదాల దగ్గర నాడి చూడకుండా, మిమ్మల్ని నడిపించి చూడకుండా, స్కానింగు ఫిల్ము ఒక్కటే చూసి ఆపరేషను అంటే తొందరపడకండి. ఎం.ఆర్.ఐ.లో ఇరుకు కనిపించినా ఏ బాధా లేకుండా తిరిగేవారు ఎందరో ఉన్నారు.

మొదట ఫిజియోథెరపిస్టు దగ్గర ముందుకు వంగే వ్యాయామాలు నేర్చుకోండి. సైకిలు తొక్కండి. బరువు తగ్గండి. చాలామంది వీటితోనే ఏళ్ళ తరబడి నెట్టుకొస్తారు. నొప్పి బిళ్ళలు మాత్రం సొంతంగా కొని నెలల తరబడి మింగకండి, మూత్రపిండాలకు మంచిది కాదు.

అప్పటికీ నడక సాగకపోతే? "పెద్ద కోత లేదు, ఒక చిన్న రంధ్రం చాలు" అనే మాట మీ చెవిన పడుతుంది. ఆ మాట చాటున నాలుగు వేరువేరు చికిత్సలున్నాయి. మీకు చెబుతున్నది అందులో ఏదో అడిగి తెలుసుకోండి.

వెన్నులోకి ఇచ్చే స్టెరాయిడు ఇంజెక్షను ఒకటి. అమెరికాలో 400 మందిపై చేసిన పరిశోధన 2014లో వెలువడింది. స్టెరాయిడు కలిపి ఇచ్చినా, వట్టి మత్తుమందే ఇచ్చినా ఆరు వారాలకు చెప్పుకోదగిన తేడా లేదని తేలింది. కొందరికి తాత్కాలికంగా ఉపశమనం కలగవచ్చు, కాలువ మాత్రం విచ్చుకోదు. మధుమేహులకు కొన్నాళ్ళు చక్కెర పెరుగుతుంది.

రెండోది, ఎక్స్‌రే తెరమీద చూస్తూ సన్నని గొట్టంగుండా లిగమెంటును గీకి పలచన చేయడం. ఇరుకుకు ముఖ్య కారణం లిగమెంటే అయినవారికి ఇది పనికివస్తుంది. డిస్కో ఎముకో నొక్కుతుంటే ఇది చేయించుకొని ప్రయోజనం లేదు.

మూడోది, పూసల వెనక కొనల మధ్య చిన్న సాధనం ఇరికించడం. ఇది మనిషి వంగినట్టుగా ఆ చోటును ఎడం చేసి ఉంచుతుంది. ఆలోచన బాగుంది. కాని ఇరుకును నేరుగా తొలగించే ఆపరేషనుతో పోల్చినప్పుడు, ఈ సాధనం పెట్టించుకున్నవారికి మళ్ళీ ఆపరేషను అవసరం ఎక్కువగా వచ్చింది. అమెరికాలో 2005లో అనుమతి పొందిన ఎక్స్-స్టాప్ అనే సాధనాన్ని 2015లో మార్కెట్టునుంచి తీసేశారు. నా ఓటు దీనికి లేదు.

నాలుగోది, మైక్రోస్కోపుతోనో ఎండోస్కోపుతోనో చిన్న గాటుగుండా నాడులను నొక్కుతున్న ఎముకనూ లిగమెంటునూ తీసివేయడం. పేరుకు చిన్న గాటే గాని ఇది అసలైన ఆపరేషనే. మత్తు ఇవ్వవలసిందే, గుండె, చక్కెర పరీక్షలు చేయవలసిందే. నార్వేలో 437 మందికి మూడు రకాల చిన్న గాటు పద్ధతుల్లో ఆపరేషను చేసి చూశారు. రెండేళ్ళ తర్వాత ఫలితం మూడింటిలోనూ ఒకటేనని 2022లో ప్రకటించారు. కనుక యంత్రం పేరు చూసి మోజు పడకండి. సర్జను చేయి ఏ పద్ధతిలో బాగా తిరిగిందో మీకు అదే మంచిది.

పూస కాస్త ముందుకు జారిందని స్క్రూలు, రాడ్లు వేయాలంటే, ఎందుకో అడగండి. అలా జారిన 267 మందిపై చేసిన మరో నార్వే పరిశోధనలో, రాడ్లు లేకుండా ఇరుకు తీసినా ఫలితం తీసిపోలేదని 2021లో తేలింది. కొందరికి రాడ్లు అవసరమే. అందరికీ కాదు.

ఆపరేషనువల్ల కాళ్ళ గుంజుడు తగ్గి నడక దూరం పెరుగుతుంది. నడుంనొప్పి మాత్రం కొంత మిగలవచ్చు, ఏళ్ళనాటి తిమ్మిరి పూర్తిగా పోకపోవచ్చు.

ఇంతవరకూ చెప్పినది నిదానంగా ఆలోచించుకునే సమయం ఉన్నవారికి. మూత్రం ఉన్నట్టుండి బిగిసినా, తెలియకుండా పోతున్నా, మలద్వారం చుట్టూ స్పర్శ తగ్గినా, పాదం పైకి లేవక చెప్పు జారిపోతున్నా వ్యాయామాలంటూ కూర్చోకండి. ఆ రోజే, ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళండి.