నిద్ర రాని రాత్రికి బిళ్ళ ఒక్కటే దారా?

ఊరంతా సద్దుమణిగింది. ఇంట్లో అందరూ గాఢనిద్రలో ఉన్నారు. ఒక్కరికి మాత్రం కన్ను మూతపడదు. పత్తికి పెట్టిన పెట్టుబడి, చీటీ బాకీ, కూతురి పెళ్ళి ఒకదాని వెంట ఒకటి మనసులో తిరుగుతుంటాయి. గడియారం ఒంటిగంట దాటుతుంది, రెండు దాటుతుంది. “ఇక మూడు గంటలే మిగిలింది. రేపు నాట్లకు ఎలా వెళ్ళేది?” అన్న దిగులుతో ఉన్న కాస్త మగత కూడా ఎగిరిపోతుంది.

ప్రియ పాఠకులారా, ఇలాంటి రాత్రులు మీలో చాలామందికి అనుభవమే. ఒకటి రెండు రాత్రులైతే భయం లేదు. వారానికి మూడు రాత్రులకు తక్కువ కాకుండా మూడు నెలలపాటు సాగితే దానిని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అప్పుడు చాలామంది చేసే పని మందుల షాపుకు వెళ్ళి నిద్రబిళ్ళ అడగడం. బిళ్ళతో కొన్నాళ్ళు నిద్ర వస్తుంది. తరువాత అది లేనిదే నిద్ర రాదు, ఒకటి చాలక రెండు కావాలి. పెద్దవయసువారు ఆ మత్తులో రాత్రి లేచి, పడి, ఎముక విరగగొట్టుకోవడమూ ఉంది.

మరి వేరే దారి లేదా? ఉంది. దాని పేరు ప్రవర్తనా చికిత్స. దీర్ఘకాలిక నిద్రలేమి ఉన్న పెద్దలందరికీ మందులకంటే ముందు ఈ చికిత్సనే ఇవ్వాలని 2016లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం సలహా ఇచ్చింది.

నిప్పు ఆరినా కట్టెలు ఎగదోస్తున్నాం

ఒక తల్లిని తలచుకోండి. కొడుక్కి జబ్బు చేసి పది రాత్రులు ఆమెకు నిద్ర లేదు. కొడుకు కోలుకున్నాడు. కాని ఆమె నిద్ర తిరిగి రాలేదు. ఎందుకు? పోయిన నిద్రను రాబట్టుకోవాలని ఆమె ఎనిమిదింటికే పక్క ఎక్కుతోంది. మధ్యాహ్నం రెండు గంటలు నడుం వాలుస్తోంది. నీరసమని సాయంత్రం రెండుసార్లు టీ తాగుతోంది.

ఆర్థర్ స్పీల్‌మన్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త దీనిని చక్కగా వివరించాడు. కొందరి స్వభావంలోనే నిద్ర పలచన. దానిపై ఏదో ఒక కష్టం నిప్పు రాజేస్తుంది. ఆ తరువాత మన అలవాట్లే కట్టెలు ఎగదోస్తాయి. కష్టం మన చేతిలో ఉండకపోవచ్చు, అలవాట్లు మన చేతిలోనే ఉన్నాయి. చికిత్స అక్కడే మొదలవుతుంది.

మంచం నేర్చుకున్న పాఠం

తవుడు గిన్నె చప్పుడు వినగానే గేదె చేపుతుంది. రోజూ ఆ చప్పుడు వెంటనే పాలు పితుకుతాం గనుక దాని ఒంటికి అది గుర్తుగా మారింది. మన మంచమూ అంతే. రోజూ దానిమీద దొర్లుతూ చింతిస్తే, మంచం చూడగానే మనసు చింతకే సిద్ధమవుతుంది. ఈ ముడిని విప్పే పద్ధతిని రిచర్డ్ బూట్‌జిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1972లో ప్రకటించాడు.

ఇంట్లో ఆచరించవలసినవి

1. రెండు వారాలు నిద్ర లెక్క రాయండి. ఎప్పుడు పడుకున్నారు, సుమారు ఎప్పుడు నిద్రపట్టింది, ఎప్పుడు లేచారు అని ఉదయాన్నే రాయాలి. రాత్రి గడియారం చూడవద్దు.

2. నిద్ర ముంచుకొస్తేనే పక్క ఎక్కండి. నిద్రకు, దాంపత్యానికి తప్ప మంచాన్ని మరి దేనికీ వాడవద్దు. సెల్‌ఫోను, టీవీ, పద్దుల పుస్తకం అక్కడ ఉండకూడదు. ఇరవై నిమిషాలైనా నిద్ర పట్టలేదనిపిస్తే లేచి అరుగుమీదో, వసారాలోనో మసక వెలుతురులో కూర్చోండి. మళ్ళీ కళ్ళు మూతలు పడినప్పుడే రండి. ఒకే గది ఉన్న ఇంట్లో మంచం దిగి చాపమీద కూర్చున్నా చాలు.

3. ఎంత తక్కువ నిద్రపోయినా రోజూ ఒకే వేళకు లేవండి. పగటి నిద్ర మానండి. మధ్యాహ్నం తరువాత టీ, కాఫీ వద్దు.

4. పక్కమీద గడిపే గంటలు తగ్గించండి. ఇది వింతగా తోస్తుంది గాని చికిత్సకు ఆయువుపట్టు ఇదే. స్పీల్‌మన్, ఆయన సహచరులు 1987లో దీనిని ప్రకటించారు. మీరు రాత్రి తొమ్మిది నుండి అయిదు వరకు ఎనిమిది గంటలు పడుకుని అయిదున్నర గంటలే నిద్రపోతున్నారనుకోండి. ఇకమీదట పదకొండున్నరకు పడుకుని అయిదుకు లేవండి. కొద్ది రోజుల్లో నిద్ర ఆకలి పెరిగి, ముక్కలైన నిద్ర ఒక్కటవుతుంది. పక్కమీద గడిపిన కాలంలో నూటికి 85 వంతులు నిద్రే అయిన వారం, పడుకునే వేళను పావుగంట ముందుకు జరపండి. అయిదు గంటలకంటే మాత్రం తగ్గించకూడదు.

5. చింతకు వేరే వేళ ఇవ్వండి. సాయంత్రం అరగంట కూర్చుని బాకీలు, భయాలు కాగితంమీద రాయండి. ప్రతిదాని పక్కన రేపు చేయగల చిన్న పని ఒకటి రాయండి. రాత్రి ఆ చింత మళ్ళీ వస్తే, “నీ వేళ రేపు సాయంత్రం” అని చెప్పండి.

6. ఒంటిని సడలించండి. పిడికిలి బిగించి కొన్ని క్షణాలు ఉంచి వదలండి. అలాగే చేతులు, భుజాలు, ముఖం, కడుపు, కాళ్ళు. ఈ పద్ధతిని వైద్యుడు ఎడ్మండ్ జేకబ్సన్ 1929లో పుస్తకంగా రాశాడు. పగటి ఆందోళనకు కూడా ఇది మంచి సాధనం.

జాగ్రత్త

మొదటి రెండు వారాలు పగలు కునుకుపాటు ఎక్కువగా ఉంటుంది. ఆ రోజుల్లో ట్రాక్టరు, లారీ నడిపేవారు, కరెంటు మోటార్ల దగ్గర పనిచేసేవారు మెలకువగా ఉండాలి. మూర్ఛ ఉన్నవారు, అతి ఉత్సాహం, తీవ్ర దిగులు మార్చిమార్చి వచ్చే జబ్బు ఉన్నవారు డాక్టరును అడగకుండా నిద్ర గంటలు తగ్గించరాదు. నిద్రలో పెద్దగా గురకపెట్టి ఊపిరాడక ఉలిక్కిపడేవారికి వేరే పరీక్ష కావాలి. చాలాకాలంగా బిళ్ళలు వేసుకునేవారు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు గనుక డాక్టరు చెప్పినట్లు మెల్లగా తగ్గించుకోవాలి.

దిగులు ముదిరి, బ్రతకాలనిపించని తలంపు వస్తే ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు. 2022 అక్టోబరులో ప్రారంభమైన టెలి మానస్‌కు 14416 నంబరుమీద పగలైనా రాత్రయినా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

చివరిగా కుటుంబ సభ్యులకు ఒక మనవి. “ఒళ్ళు వంచి పనిచేస్తే నిద్ర అదే వస్తుంది” అనీ, “నీకు నమ్మకం చాలదు” అనీ ఎత్తిపొడవకండి. నిద్ర రాకపోవడం సోమరితనం కాదు, తప్పు అంతకన్నా కాదు. అమ్మ మధ్యాహ్నం నడుం వాల్చకుండా ఆమెతో నాలుగు మాటలు చెప్పండి. నాన్న రాత్రి లేచి అరుగుమీద కూర్చుంటే కసరకండి. ఆరు నుండి ఎనిమిది వారాలు ఓపిక పట్టండి. నిద్రను బలవంతంగా ఈడ్చుకురాలేం. దారి చదును చేసి ఎదురుచూస్తే, అలిగి వెళ్ళిన బిడ్డలా అదే ఇల్లు చేరుతుంది.